గునుగు మెరుపు ఫొటోలో రావాలంటే: ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి వాడడం ఎలా?

బతుకమ్మ పండుగకు వారం పది రోజుల ముందు హనుమకొండ నుంచి ధర్మసాగర్ వైపు పొద్దున్నే వెళ్లి చూడండి. మక్కచేన్ల గెట్ల మీద, పత్తి సాళ్ల మధ్య గునుగు పూసి ఉంటుంది. కంకి అడుగున వెండి తెలుపు, కొసన లేత గులాబీ. ఏటవాలు ఎండ తగిలితే పట్టుదారంలా మెరుస్తుంది. అదే కంకిని కెమెరా మీద బిగించిన ఫ్లాష్‌తో తీస్తే సుద్దముక్కలా వస్తుంది. గునుగు రేకులు పలుచని ఎండు పొరల్లాంటివి. వాటి గుండా వెలుగు దూరినప్పుడే ఆ మెరుపు. ఎదురుగా వెళ్లి కొట్టిన వెలుగు పైపైనే తగిలి వెనక్కి వస్తుంది.

అందుకే ఫ్లాష్‌ను కెమెరా మీది నుంచి దింపాలి. చేతికి వచ్చాక దాన్ని పక్కన పెట్టొచ్చు, వెనక పెట్టొచ్చు, నేలకు ఆనించి పైకి చూపించొచ్చు. పొద్దు ఎక్కడుందన్నదానితో నిమిత్తం లేకుండా వెలుగు దిక్కు మీరే నిర్ణయిస్తారు.

సామాను

కెమెరా, 90 లేదా 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ (చిన్న వస్తువులను బాగా దగ్గర నుంచి తీసేది). అది లేకపోతే మామూలు లెన్స్ వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌ను దగ్గరికి ఫోకస్ చేయనిచ్చే ఖాళీ గొట్టాలు). పవర్‌ను చేత్తో మార్చుకోగలిగే ఏ పాత ఫ్లాష్ అయినా చాలు. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే స్నేహితులుంటే అడగండి, వాడకుండా మూలన పెట్టినది ఒకటి దొరుకుతుంది. కెమెరాకూ ఫ్లాష్‌కూ చెరో రేడియో ట్రిగ్గర్ (తీగ లేకుండా దూరం నుంచే ఫ్లాష్‌ను వెలిగించేది). ఛార్జింగ్ బ్యాటరీలు రెండు జతలు.

వెలుగును మెత్తబరచడానికి ట్రేసింగ్ పేపర్. ఏ4 సైజు కాగితాన్ని తీగ చట్రానికి అతికిస్తే డిఫ్యూజర్ తయారు. వెలుగు ఎంత మెత్తగా ఉంటుందన్నది, పువ్వు నుంచి చూస్తే ఆ కాగితం ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. బెత్తెడు కూడా లేని కంకికి ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఏ4 కాగితం పెద్ద కిటికీ లాంటిది. అదే కాగితాన్ని రెండు మీటర్ల దూరం తీసుకెళ్తే చిన్న చుక్క అయిపోయి నీడలు కత్తి అంచుల్లా పడతాయి. ఇంకా ఒక చిన్న థర్మోకోల్ ముక్క, ఒక గొడుగు, ఒక గోనె సంచి పెట్టుకోండి. ఆ సంచి మోకాళ్ల కింద వేసుకోవడానికి. పల్లేరుకాయలు గుచ్చుకున్న మోకాలితో ఎవరూ నిలకడగా ఫొటో తీయలేరు.

ఫ్లాష్‌ను స్టాండ్ మీద పెట్టకండి. మొదటి ఏడాది నేను పెట్టాను. గాలి డిఫ్యూజర్‌ను తెరచాపలా నెట్టింది, స్టాండ్ పడి ఫ్లాష్ కాలు విరిగింది. అప్పటి నుంచి మూరెడు ఇనుప సలాక నేలలో గుచ్చి దానికే కడుతున్నాను. లేదంటే ఎడమ చేత్తో పట్టుకుంటాను.

వేళ, చోటు

పొద్దున ఆరుంబావు నుంచి ఎనిమిది వరకు. గాలి తక్కువ, మంచు ఆరి ఉండదు, ఎండ మీద మీ ఫ్లాష్‌దే పైచేయి అవుతుంది. చేనులో అడుగు పెట్టే ముందు అక్కడున్న వాళ్లను అడగండి. "అక్కా, గునుగు ఫొటో తీసుకుంట, పూలు తెంపను" అంటే చాలు, నేనడిగిన ఎవరూ కాదనలేదు. పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి, పాములుంటాయి. వయ్యారిభామ మొక్కలు ఒంటికి రాసుకుంటే చాలామందికి దద్దుర్లు వస్తాయి, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

మొదటి ఫొటో ఫ్లాష్ లేకుండా

చాలామంది తడబడేది ఇక్కడే. ఫొటోలోకి రెండు వెలుగులు వస్తున్నాయి, ఒకటి పొద్దుది, రెండోది ఫ్లాష్‌ది. రెండు నల్లాల నీళ్లు ఒకే బకెట్‌లో పడుతున్నట్టు. ఏది ఎంత పడుతుందో తెలియాలంటే ఒకదాన్ని కట్టేసి చూడాలి.

కెమెరాను మాన్యువల్‌లో పెట్టి ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 100, షట్టర్ 1/200 (సెకనులో రెండు వందలో వంతు), అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం వెడల్పు) ఎఫ్ 11తో మొదలుపెట్టండి. ఫ్లాష్ ఆపేసి ఒక ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఈ లెక్కకు ఫొటో సరైన వెలుగుతో వచ్చేస్తుంది. అంటే ఫ్లాష్‌కు చోటే ఉండదు. పొద్దున ఆరున్నరకు అదే లెక్కకు దాదాపు చీకటిగా వస్తుంది. మనకు కావలసింది ఈ చీకటే. వెనకున్న చేను కాస్త కనిపించాలనుకుంటే షట్టర్‌ను 1/100కో 1/60కో తగ్గించండి. షట్టర్ మార్చితే వెనక వెలుగు మారుతుంది, ఫ్లాష్ వెలుగు మారదు. ఫ్లాష్ రెప్పపాటుకన్నా చాలా తక్కువ సేపు వెలిగి ఆరిపోతుంది కాబట్టి, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా దానికి ఒకటే. అపర్చర్, ఐఎస్‌ఓ మాత్రం రెండు వెలుగుల్నీ మారుస్తాయి.

షట్టర్‌ను 1/200 లేదా 1/250 దాటించకండి. మీ కెమెరా సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం, ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. దాన్ని దాటితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. హైస్పీడ్ సింక్ పెడితే పట్టీ పోతుంది కానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, ఈ పనికి అది అక్కర్లేదు.

ఇప్పుడు ఫ్లాష్

పవర్ 1/16, అంటే ఫ్లాష్ పూర్తి బలంలో పదహారో వంతు. డిఫ్యూజర్ కంకికి జానెడు దూరం. ముందుగా కెమెరాకు ఎడమ పక్కన పెట్టి ఒకటి తీయండి. తర్వాత గడియారం ముల్లులా కంకి చుట్టూ కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ ఒక్కో ఫొటో తీయండి. పక్కన ఉన్నంతసేపు కంకి గుండ్రంగా, బొద్దుగా కనిపిస్తుంది. వెనక మూలకు చేరేసరికి ఒక్కసారిగా అంచు వెలుగుతుంది. ఒక్కో పొర విడివిడిగా, లోపల దీపం పెట్టినట్టు. కొసన ఉన్న గులాబీ రంగు అప్పుడే తేలుతుంది. ఫ్లాష్ తల లెన్స్‌లోకి నేరుగా చూడకుండా అరచేతినో అట్టముక్కనో అడ్డం పెట్టండి, లేకపోతే ఫొటో అంతా పొగమంచు కమ్మినట్టవుతుంది. కంకి ముందు భాగం మరీ నల్లబడితే థర్మోకోల్ ముక్కను కెమెరా వైపు నుంచి దగ్గర పెట్టండి. వెనక నుంచి వచ్చిన వెలుగులో కొంత దానికి తగిలి ముందుకు పడుతుంది.

వెలుగు చాలకపోయినా ఎక్కువైనా పవర్ మార్చే ముందు దూరం మార్చి చూడండి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. నల్లటి వెనకభాగం రహస్యం కూడా ఇదే. ఫ్లాష్ పువ్వుకు ఇరవై సెంటీమీటర్లలో ఉండి, వెనకున్న మక్క కర్రలు ఇంకో రెండు మీటర్ల అవతల ఉంటే, పువ్వుకు అందే వెలుగులో వాటికి నూరో వంతు కూడా అందదు. నల్లగుడ్డ పట్టుకుని ఎవరూ నిలబడక్కర్లేదు. బాగా దగ్గరికి పోయేకొద్దీ లెన్స్ కూడా కొంత వెలుగు మింగుతుంది. పువ్వు దాని అసలు సైజులో సెన్సార్ మీద పడేంత దగ్గరైతే రెండు స్టాపులు పోతాయి, అంటే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది, అప్పుడు 1/16ను 1/4 చేయాలి.

తంగేడుకు వేరే లెక్క

తంగేడు మన రాష్ట్ర పుష్పం. ఫొటోలో మోసం చేసే పువ్వు కూడా. స్క్రీన్ మీద బాగానే ఉందనిపిస్తుంది, ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే రేకులన్నీ పసుపు ముద్ద, ఈనెలు మాయం. పసుపులో ఎరుపు చానెల్ (కెమెరా నమోదు చేసే ఎరుపు పాలు) ముందు నిండిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) అది కనిపించదు, రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు గీత కుడి గోడకు తగలకుండా చూడండి. తగిలితే పవర్ కొంచెం తగ్గించండి. తంగేడు రేకులు ముడతలు ముడతలుగా ఉంటాయి. ఫ్లాష్‌ను పక్క నుంచి కాస్త కిందుగా, రేకుల మీద జారిపోయేలా పెడితే ఆ ముడతల్లో చిన్న చిన్న నీడలు పడి పువ్వు చేత్తో తాకేలా ఉంటుంది. రా ఫైల్‌లో (కెమెరా కుదించని, మార్చని అసలు ఫైల్) తీయడం మంచిది.

గాలి, మంచు బొట్లు

1/16 పవర్‌లో ఫ్లాష్ మెరిసేది సెకనులో కొన్ని వేలవ వంతు మాత్రమే. పొద్దు వెలుగును బాగా తగ్గించి ఉంచితే ఊగే కంకి కూడా నిలిచిపోయినట్టు వస్తుంది. పొద్దు వెలుగు ఎక్కువైతే కంకి పక్కన దాని నీడలాంటి రెండో రూపం పడుతుంది. ఊపు బాగా ఉంటే కాడను పుల్లకు ఆనించి నిలపండి, తెంపకండి. ఫోకస్‌ను ఒకచోట బిగించి, మీరే ముందుకు వెనక్కి వంగుతూ, కంకి తేటగా కనిపించిన క్షణంలో నొక్కండి.

మంచు బొట్లలో డిఫ్యూజర్ తెల్లటి మచ్చలా ప్రతిఫలిస్తుంది. కాగితం దగ్గరగా ఉంటే ఆ మచ్చ కిటికీలా మెత్తగా ఉంటుంది, బాగుంటుంది కూడా. ఒట్టి ఫ్లాష్ అయితే ప్రతి బొట్టులోనూ సూది మొన లాంటి చుక్క కళ్లకు గుచ్చుకుంటుంది.

ఎనిమిది దాటి ఎండ ముదిరితే గొడుగు తెరిచి పువ్వు మీద నీడ పట్టి ఇంకో అరగంట పని చేయవచ్చు.

పత్తి పువ్వుకు రెండు రోజులు

గునుగు మధ్యలో పత్తి పూసి ఉంటే దాన్ని వదలకండి. విచ్చిన రోజు పత్తి పువ్వు లేత పసుపు కలిసిన తెలుపు, మర్నాటికి గులాబీకి తిరుగుతుంది. రెండు రోజులూ ఒకే వెలుగులో తీసి పక్కపక్కన పెడితేనే ఆ మార్పు పువ్వుదని తెలుస్తుంది. పొద్దు వెలుగుతో అది కుదరదు, రోజుకో తీరుగా ఉంటుంది. ఫ్లాష్‌తో కుదురుతుంది. మొదటి రోజే పవర్, అపర్చర్, షట్టర్, డిఫ్యూజర్ ఎన్ని జానల దూరం, ఏ పక్కన అన్నవి చీటీ మీద రాసుకోండి. వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగును బట్టి రంగులను సరిచేసే సెట్టింగ్) ఆటోలో కాకుండా ఫ్లాష్ గుర్తు మీద పెట్టండి. కాడకు ఒక దారం కట్టి గుర్తు పెట్టుకుని, రెండో రోజు అదే వేళకు వెళ్లి చీటీ చూసి అన్నీ అలాగే పెట్టండి.