చేబదులు సాకుతో ఆఖరి జీతం ఆపితే

తాడిపత్రి పాలిషింగ్ యూనిట్లోనైనా, కర్నూలు బట్టల షాపులోనైనా పని మానేటప్పుడు యజమాని నుంచి వినిపించే మాట ఇదే: "నా బాకీ కట్టు, జీతం ఇస్తా." ఇలా మొత్తం ఆపడం కుదరదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం, మీరే మానేసినా, వాళ్లు తీసేసినా రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలి.

ఆ బాకీ ఏమిటో ముందు తేల్చుకోండి. జీతం మీద అడ్వాన్సైతే కోసుకోవచ్చు, కానీ అన్ని కోతలూ కలిపి ఆ జీతంలో సగం దాటకూడదు. 18,000 రావాలంటే 9,000 అయినా చేతికి రావాల్సిందే. ప్రామిసరీ నోటు మీద విడిగా తీసుకున్న అప్పైతే అది వేరే లెక్క, వసూలుకు సివిల్ కోర్టు ఉందని గట్టిగా చెప్పండి. అప్పు తీసుకుని ఉంటే లేదనకండి, అబద్ధం తేలితే మీ మాటకు విలువ పోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది సంతకం దగ్గరే. ఖాళీ కాగితం మీద గానీ, "మొత్తం ముట్టింది" అన్న రసీదు మీద గానీ డబ్బు అందకుండా సంతకం పెట్టొద్దు. వాట్సాప్‌లో "జీతంలో పట్టుకో అన్నా" అని రాసినా అది ఒప్పుకోలుగా చూపిస్తారు.

పనిచేసిన రోజులు, రావాల్సిన మొత్తం, ఖాతా నంబరు రాసి యజమానికి స్పీడ్ పోస్టులో పంపండి. నకలు, పోస్టు రసీదు దాచండి. ఫలితం లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు ఫొటోలతో కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. క్లెయిముకు గడువు మూడేళ్లు. ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయండి.