పాత రాక్ లైవ్ టేపుల్లో పాట స్పష్టంగా వినపడాలంటే

అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలను జనం మైకులు పట్టుకెళ్లి రికార్డు చేసుకుంటుంటే బ్యాండ్ అడ్డుచెప్పలేదు. 1984 నుంచి వాళ్లకు విడిగా చోటు కూడా ఇచ్చింది. ఆ టేపులంటే నాకు ప్రాణం. కానీ ఇయర్‌ఫోన్స్‌లో వింటే దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది.

ఫోన్ ఈక్వలైజర్‌లో (మంద్ర, తార శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) 250 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ తగ్గించండి. 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 పెంచండి, అంతకు మించొద్దు. మీ ఫోన్‌లో 230, 3.6 అని ఉంటే అవే వాడండి. ప్రీఆంప్ (మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచి తగ్గించేది) ఉంటే 3 తగ్గించండి, తగ్గించకపోతే గట్టిగా వాయించిన చోట శబ్దం పగులుతుంది. ఇలా పెట్టాక ఆ బ్యాండ్ గిటారిస్ట్ జెర్రీ గార్సియా గిటార్ తీగకు పిక్ తగిలే చప్పుడు కూడా విడిగా వినిపించింది, ఎంత హాయిగా అనిపించిందో!

కచేరీలో మైకుల, వాద్యాల శబ్దాలను కలిపే మిక్సర్ నుంచి నేరుగా తీసిన సౌండ్‌బోర్డ్ టేపులకు మాత్రం ఇది పెట్టకండి. వాటిలో గొంతు ముందే పైకి ఉంటుంది, ఇంకా పెంచితే చెవిలో గుచ్చుకుంటుంది. ఇక రికార్డింగ్ అప్పుడే మైకులో శబ్దం పగిలిపోయి ఉంటే ఏ సెట్టింగూ పనిచేయదు, అదే షోకి వేరేవాళ్లు తీసిన టేపు వెతుక్కోవాల్సిందే.