ఎదుటివాళ్లు లైట్లు కొడుతున్నారా? ముందు మన కారు చూద్దాం

కారు ఉన్నవాళ్లం నలుగురం ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా రోడ్డు మీద ఎదుటివాళ్ల దగ్గరికే వస్తుంది. లైట్లు దించడు, దారివ్వడు, వెనక నుంచి మీద పడిపోతాడు. శ్రీకాకుళం, పాలకొండ, విజయనగరం, సాలూరు రోడ్ల మీద పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాను. ఈ ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం నా కారులోనే దొరికింది. అందుకే ఒక్కో ఫిర్యాదుకీ కారణం ఏమిటో, చేయాల్సిన పని ఏమిటో రాస్తున్నాను.

లో బీమ్‌లోనే ఉన్నా ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొడుతున్నారు

ముక్కనుమ రాత్రి పాలకొండ నుంచి శ్రీకాకుళం బయల్దేరాం. వెనక సీట్లో మా అత్తగారు, మా ఆవిడ, బాబు. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, కొబ్బరికాయల సంచి, అరిసెల డబ్బా. ఎదురొచ్చిన ప్రతి బండీ లైట్లు కొడుతోంది. నేను లో బీమ్‌లోనే (దించిన లైట్లతోనే) ఉన్నాను. నాలుగైదు బళ్లు దాటాక కోపం వచ్చి నేనూ హై బీమ్ వేసి కొట్టడం మొదలుపెట్టాను.

ఆమదాలవలసలో టీకి ఆగాం. కొట్టు ముందు నిలబడ్డ లారీ డ్రైవరు ఒకాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చారు. "బాబూ, డిక్కీలో బరువేటైనా ఉందేటి? మీ లైట్లు మా కళ్లల్లోకే కొడతన్నాయి" అన్నారు. తలుపు తీయించి, స్టీరింగుకి కుడిపక్కన ఉన్న చిన్న చక్రం చూపించారు. దాని మీద 0, 1, 2, 3 అని అంకెలున్నాయి. కారు కొన్న ఆరేళ్లలో నేను దాన్ని ముట్టుకోనే లేదు. ఆయన దాన్ని 3 మీదకు తిప్పగానే, కొట్టు రేకు మీద పడుతున్న వెలుతురు జారి బల్ల కాళ్ల దగ్గరికి దిగింది.

జరిగింది ఇదీ. బరువుకి కారు వెనకభాగం కుంగితే ముక్కు పైకి లేస్తుంది. దాంతో లో బీమ్ కూడా ఎదుటివాళ్ల కళ్ల ఎత్తుకి వెళ్లిపోతుంది. ఆ చక్రం లైట్లను మళ్లీ కిందికి దించుతుంది. డ్రైవరు ఒక్కరే ఉన్నప్పుడు 0, వెనక సీటూ డిక్కీ నిండేకొద్దీ పెద్ద అంకె. ఎంత బరువుకి ఏ అంకె పెట్టాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని కార్లలో లైటు ఎత్తు దానంతటదే సర్దుకుంటుంది, వాటికి ఈ చక్రం ఉండదు.

బరువు లేకపోయినా లైట్లు కొడుతున్నారంటే గోడ ముందు పరీక్ష చేయండి. సమంగా ఉన్న నేల మీద, గోడకి 5 మీటర్ల దూరంలో కారు ఆపి లో బీమ్ వేయండి. వెలుతురు పైగీత ల్యాంపు మధ్యభాగం ఎత్తు కన్నా దాదాపు 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. పైకి ఉంటే మెకానిక్ దగ్గర స్క్రూలతో సరిచేయించాలి. బంపర్ ఎక్కడైనా గుద్దుకున్నాక, ల్యాంపు మార్చాక ఇది తప్పకుండా చూసుకోండి.

ఇంకో పెద్ద కారణం, హాలోజన్ బల్బు కోసం తయారైన ల్యాంపులో బయట కొన్న తెల్లటి ఎల్ఈడీ పెట్టించడం. ల్యాంపు లోపలి అద్దం ఫిలమెంటు ఉండే చోటును బట్టి తయారవుతుంది. వెలుగు వేరే చోట నుంచి వస్తే చెల్లాచెదురై ఎదుటివాళ్ల ముఖం మీద పడుతుంది. మనకు రోడ్డు బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది, ఎదురుగా బైకు మీద వస్తున్న మనిషికి మాత్రం ఏమీ కనబడదు. దయచేసి తీయించేయండి. కంపెనీ ఇచ్చిన వాటేజీ బల్బే వేయించండి (హెచ్4 రకమైతే 60/55 వాట్లు). కొత్త హాలోజన్ బల్బు గాజును వేళ్లతో పట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటుకున్న చోట వేడెక్కి త్వరగా పోతుంది.

ఎదుటి లైట్లకి ఏమీ కనబడటం లేదు

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట ఒడిశా వైపు పోయే లారీలు ఎదురవుతూనే ఉంటాయి. అక్కడ ఈ ఇబ్బంది ఎక్కువ. అలాగని వచ్చే ప్రతి లారీ హై బీమ్‌లో ఉండదు, లోపం మన అద్దంలోనూ ఉండొచ్చు. ముందు అద్దాన్ని లోపలివైపు వేలితో గీసి చూడండి. ఎండకి డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి సన్నటి పొరలా పేరుకుంటుంది. పగలు కనిపించదు గానీ రాత్రి ప్రతి లైటునీ పూవులా విచ్చుకునేట్టు చేస్తుంది. తడి మైక్రోఫైబర్ గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడిస్తే సగం బాధ తగ్గుతుంది. గట్టిపడిన వైపర్ రబ్బర్లు గీసిన గీతలు కూడా ఇదే పని చేస్తాయి, రబ్బర్లు ఏడాదికోసారి మార్చండి. అప్పటికీ కళ్లు చెదిరితే లైటు వైపు చూడకుండా ఎడమ అంచు తెల్లగీత చూస్తూ వేగం తగ్గించండి.

వెనకవాళ్లు మీదకొచ్చి సడన్ బ్రేకు వేస్తున్నారు

బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. రాత్రి గోడ దగ్గరికి రివర్సు చేసి, లైట్లు ఆపేసి బ్రేకు తొక్కితే, గోడ మీద ఎరుపు రెండుపక్కలా పడుతోందో లేదో అద్దంలోనే తెలిసిపోతుంది. ఒక పక్కే పడితే బల్బు పోయినట్టు. ఏ పక్కా పడకపోతే ముందు ఫ్యూజు, తర్వాత పెడల్ దగ్గరి స్విచ్చి చూపించండి.

ఎంత హారన్ కొట్టినా జరగడం లేదు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో గానీ, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ ముందున్న ఆటో జరగలేదంటే దాని ముందు చోటు లేదనే. అద్దాలు ఎక్కించుకుని ఏసీలో కూర్చున్న మనకి మన హారన్ చిన్నగా వినిపిస్తుంది. పక్కన సైకిలు మీద ఉన్న పెద్దాయనకి అది చెవిలోనే మోగుతుంది. ఒకసారి అద్దం దించి కొట్టి చూడండి.

పండక్కి ఊరొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ మంటోంది

కారు ఊళ్లో వదిలేసి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయేవాళ్లకి ఇది మామూలే. బండి ఆపేసినా అలారం, గడియారం లాంటివి బ్యాటరీని కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. మల్టీమీటరు పెట్టి చూస్తే నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12 కన్నా తగ్గితే ఖాళీ అయినట్టే. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక వాజిలిన్ రాయండి. స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రాకపోతే లోపం బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌లో ఉండొచ్చు. అప్పుడు కొత్త బ్యాటరీ కొన్నా ఫలితం ఉండదు. నెల రోజులు వదిలి వెళ్లేటప్పుడు నెగెటివ్ టెర్మినల్ తీసి వెళ్లండి.

కళింగపట్నం, బారువ లాంటి సముద్రం పక్క ఊళ్లలో రాత్రి ఆపితే పొద్దున్న బ్రేకులు కరకరమంటాయి. డిస్కు మీద పట్టిన పైపై తుప్పు అది, నాలుగు బ్రేకులకి పోతుంది. పోకుండా ఇనుము రాసినట్టు శబ్దం వస్తుంటే ప్యాడ్లు అరిగినట్టు, ఆ రోజే చూపించాలి.

ఉలవ మీంచి వచ్చాక కాలిన వాసన

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇది. సంక్రాంతి దాటాక మన ఊళ్ల రోడ్ల మీద ఉలవ, మినుము, పెసర పరుస్తారు. వెళ్లే బళ్ల కింద నలిగి కాయ చిట్లి గింజ రాలుతుంది. ఉలవది తీగ. అది చక్రం పక్కన యాక్సిల్‌కి (చక్రాన్ని తిప్పే కడ్డీకి) చుట్టుకుంటుంది, కొంత పైకెళ్లి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కో సైలెన్సర్ గొట్టానికో అంటుకుంటుంది. అవి వందల డిగ్రీల వేడిలో ఉంటాయి. బీఎస్6 డీజిల్ కారులో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఆ మసిని కాల్చుకునే సమయంలో వేడి ఇంకా ఎక్కువ.

రాజాం నుంచి చీపురుపల్లి వైపు వెళ్తూ ఒకసారి పరిచిన ఉలవ మీంచి తోలాను. కాస్త దూరం వెళ్లేసరికి గడ్డి కాలిన వాసన వచ్చింది. ఆపి వంగి చూస్తే కింద సన్నగా పొగ. చెయ్యి పెట్టబోతుంటే వెనక నుంచి ఒక మామ్మ కేకేస్తూ వచ్చింది. "చెయ్యెట్టకు బాబూ, కాల్తాది." చేతిలోని పంగలకర్రతో తీగని మెలితిప్పి లాగింది. కొసలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. వాళ్ల కళ్లంలో ఇళ్లు లేచాయట, నూర్చడానికి రోడ్డు తప్ప చోటు లేదంది. అప్పటిదాకా ఈ రైతుల్ని నేనూ తిట్టుకున్నవాణ్నే.

సగం రోడ్డు ఖాళీగా ఉంటే, ఎదురుగా ఎవరూ రాకపోతే, అటునుంచే పోండి. తప్పనప్పుడు నెమ్మదిగా దాటి, గడ్డి లేని చోట ఆపి కిందకి చూడండి. గడ్డి మీద మాత్రం ఎప్పుడూ ఆపకండి. పొగ కనిపిస్తే ఇంజను ఆపేసి ముందు అందరినీ దించండి, తర్వాత కర్రతో లాగి నీళ్లు పోయండి. పొగ బానెట్ లోంచి వస్తుంటే బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి మంట లేస్తుంది. పరిచినవాళ్లు కనిపిస్తే అంచున పెట్టిన రాళ్లు చీకటి పడకముందే తీసేయమని మర్యాదగా చెప్పండి, బైకులవాళ్లు వాటికి తగిలి పడతారు. తర్వాత వాటర్ సర్వీసింగ్‌లో కారు ర్యాంపు ఎక్కినప్పుడు యాక్సిల్ చివర ఉండే రబ్బరు తొడుగు (బూట్) చూడండి. తీగ కోసి ఉంటే దాని చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటుంది. బూట్ అప్పుడే మార్పిస్తే చిన్న ఖర్చు, మట్టి లోపలికి వెళ్లాక యాక్సిల్ జాయింటే మార్చాల్సి వస్తుంది.