రైల్స్ ట్యూబ్‌లో (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టంలో) ఆహారం పోసే ముందు

చేతులు సబ్బుతో కడుక్కోవాలని కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావి పెద్దవాళ్లయిన పేషెంట్లకు:

– కూర్చోబెట్టండి. కూర్చోలేకపోతే మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తండి. తల కింద ఇంకో దిండు దూర్చితే మెడ వంగుతుందే తప్ప ఛాతీ లేవదు.

– ట్యూబ్ కడుపులోనే ఉందా? ఇక్కడ మాత్రం తొందర వద్దు. ముక్కు దగ్గర పెట్టిన గుర్తు జరిగిందేమో, ప్లాస్టర్ ఊడిందేమో చూడండి. టార్చి వేసి, గొంతులో ట్యూబ్ చుట్ట చుట్టుకుందేమో చూడండి. సిరంజితో మెల్లగా లాగిన ద్రవం పీహెచ్ స్ట్రిప్ (ఆమ్లం ఎంతుందో చూపే కాగితం) మీద 5.5 లేదా అంతకన్నా తక్కువ చూపాలి. ఎసిడిటీ మాత్రలు వాడేవాళ్లలో ఎక్కువ చూపించవచ్చు. గాలి కొట్టి స్టెతస్కోప్‌తో చప్పుడు వినే పద్ధతి ఇంకా చాలాచోట్ల నడుస్తోంది కానీ, దాన్ని నమ్మలేం. ట్యూబ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా అలాంటి చప్పుడే రావచ్చు. అనుమానముంటే పోయకండి, డాక్టర్‌కు చెప్పండి, ఎక్స్‌రేలో తేలిపోతుంది.

– పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నా, వాంతులవుతున్నా, లాగిన ద్రవం ఎర్రగానో కాఫీ పొడి రంగులోనో ఉన్నా ఫీడ్ ఆపి వెంటనే కబురు పెట్టాలి.

– రాగి జావ, పప్పుకట్టు ఏదైనా వడకట్టాల్సిందే. వేడిగా వద్దు.

– పైపూత ఉన్న మాత్రలు, క్యాప్సూల్స్ అడగకుండా నూరొద్దు.

– ముందు 30 మి.లీ. నీళ్లు, తర్వాత 30. నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పి ఉంటే ఆ లెక్కే. ప్లంజర్‌తో (సిరంజిలో తోసే కాడతో) నెట్టకండి, దానంతటదే దిగనివ్వండి. దగ్గు, ఆయాసం వస్తే అక్కడితో ఆపేయాలి. అయ్యాక గంటసేపు పడుకోబెట్టొద్దు.