జపనీస్ నేర్చుకోవాలనుకునే పాలమూరు, నల్గొండ విద్యార్థులకు

దీనికోసం హైదరాబాద్‌లో గది వెతుక్కోనక్కర్లేదు. జపాన్ ఫౌండేషన్ వారి ‘ఇరోదోరి’ పాఠ్యపుస్తకం, ఆడియోతో సహా, వాళ్ల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. వాళ్లదే ‘మినాతో’ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో పేరు నమోదు చేసుకుంటే, సొంతంగా చదువుకునే కోర్సులూ ఉన్నాయి.

ముందు హిరగాన అనే జపనీస్ లిపిలోని 46 అక్షరాలు చేత్తో రాసి నేర్చుకోండి. తర్వాత ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగుతో పోల్చుకోండి. ‘వతాషి వ గక్కో ఎ ఇకిమాస్’ అంటే ‘నేను బడికి వెళ్తాను’. మన ‘కి’ లాగే ‘ఎ’ కూడా ‘బడి’ వెనకే వస్తుంది, క్రియ చివర్లో ఉంటుంది. ఎంత కలిసొచ్చే విషయమో చూడండి!

జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష అయిన జేఎల్‌పీటీ జూలై, డిసెంబరు నెలల్లో ఉంటుంది. తొలి మెట్టు ఎన్5. దరఖాస్తుల గడువు చాలా ముందే ముగుస్తుంది, డిసెంబరు పరీక్షకైతే వేసవి సెలవుల నుంచే ప్రకటన కోసం చూస్తూ ఉండండి.