యుద్ధ చరిత్రను టీవీలో చూసి, చెన్నై వీధుల్లో నడిచి తెలుసుకోవడం ఎలా?

యుద్ధాల మీద వచ్చే డాక్యుమెంటరీలను ఇష్టంగా చూసేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఎన్ని చూసినా ఇంకా చూడవలసినవి మిగులుతూనే ఉంటాయి గానీ, చూసినదాంట్లో గుర్తుండేది అంతగా పెరగదు. స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, పెర్ల్ హార్బర్ పేర్లు నోటికి వచ్చిన తెలుగు కుటుంబాలు చెన్నైలో చాలా ఉన్నాయి. తాము రోజూ బస్సులో దాటే హైకోర్టు గోడ దగ్గర 1914లో ఒక జర్మన్ నౌక గుండ్లు పడ్డాయన్న సంగతి మాత్రం వారిలో చాలామంది ఎరగరు. చరిత్ర మీద ఆసక్తి ఉండి, వారానికి ఒక సాయంత్రం, నెలకు ఒక ఆదివారం కేటాయించగలిగినవారు ఆ ఆసక్తిని ఒక పద్ధతిలో పెట్టుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా ఒకే ఒక సంఘటనను ఎంచుకోండి

రెండవ ప్రపంచ యుద్ధం మొత్తాన్ని తెలుసుకోవాలని కూర్చుంటే ఏదీ పూర్తి కాదు. ఒక రాత్రి, ఒక నౌక, ఒక ముట్టడి వంటి చిన్న విషయాన్ని తీసుకుని, దాన్ని వదలకుండా అన్ని వైపుల నుంచీ చూడడం మేలు. చెన్నైలో ఉన్నవారికి ఎమ్డెన్ దాడి కంటే అనువైన విషయం మరొకటి లేదని నా అభిప్రాయం, ఎందుకంటే దానికి సంబంధించిన చోట్లన్నీ దాదాపు నడక దూరంలోనే ఉన్నాయి.

సంగతి క్లుప్తంగా ఇదీ. జర్మనీ తూర్పు ఆసియా నౌకాదళానికి చెందిన ఎమ్డెన్ అనే తేలికపాటి యుద్ధనౌక, కార్ల్ ఫాన్ ముల్లర్ నాయకత్వంలో ఒంటరిగా బంగాళాఖాతంలోకి చొరబడి, వర్తక నౌకలను వరుసగా పట్టుకుంటూ, 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర దాటాక మద్రాసు రేవు ముందుకు వచ్చింది. బ్రిటిష్ నౌకలా కనిపించడానికి దానికి నాలుగో పొగగొట్టం ఒకటి ఉత్తుత్తిగా తగిలించారు. సుమారు పది నిమిషాలలో అది వందకు పైగా గుండ్లు పేల్చి, రేవు దగ్గరి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగలబెట్టి, తీరంలోని ఫిరంగులు తేరుకుని జవాబిచ్చేసరికి చీకట్లో కలిసిపోయింది. ఆస్తినష్టం కంటే భయమే ఎక్కువ పని చేసింది. ఆ తరువాతి రోజుల్లో వేలాదిమంది పట్నం వదిలి వెళ్ళిపోయారు. అదే సంవత్సరం నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ కథ ముగిసింది.

డాక్యుమెంటరీని రెండుసార్లు చూడండి

మొదటిసారి కథ కోసం చూడండి, నోటుపుస్తకం ముట్టుకోవద్దు. చెన్నైలో కేబుల్ కనెక్షన్ తీసుకుంటే డిస్కవరీ, నేషనల్ జియోగ్రాఫిక్ వంటి ఛానళ్ళు తరచు తమిళ వ్యాఖ్యానంతో మొదలవుతాయి. సెట్‌టాప్ బాక్సు రిమోటులో ఆడియో లేదా భాష అని ఉండే మీట నొక్కితే, ఆ కార్యక్రమానికి తెలుగు ఉన్నప్పుడు అది వినిపిస్తుంది. ఇంట్లో పెద్దవారితో కలిసి చూడాలనుకుంటే ఈ చిన్న పని ముందే చేసిపెట్టుకోవడం మంచిది.

రెండవసారి చూసేటప్పుడు కథను పక్కనబెట్టి, తెర మీద కనిపిస్తున్నది ఏమిటన్న ప్రశ్న ఒక్కటే వేసుకోండి. అది ఆనాడే ఆ చోటనే తీసిన దృశ్యమా, వేరే చోట తీసినదా, నటులతో తిరిగి తీసినదా, పటం మీద గీసిన బాణమా, లేక ఎవరో గుర్తుచేసుకుని చెబుతున్న మాటా? నోటుపుస్తకంలో ఒక పక్క నిమిషం, మరో పక్క ఆ దృశ్యం రకం రాసుకుంటూ పోతే, గంట కార్యక్రమంలో అసలైన దృశ్యాలు ఎంత తక్కువో తెలిసి ఆశ్చర్యం కలుగుతుంది. ఎమ్డెన్ సంగతే తీసుకోండి. 1914 నాటి కెమెరాలతో అర్ధచీకట్లో సముద్రం మీద జరిగిన దాడిని కదిలే బొమ్మగా తీయడం సాధ్యం కాదు. కాబట్టి ఏ కార్యక్రమంలోనైనా ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపిస్తూ కనిపిస్తే అది మరో నౌక అయినా కావాలి, కంప్యూటరులో తయారైన బొమ్మ అయినా కావాలి. తగలబడిన ట్యాంకుల నిశ్చల ఛాయాచిత్రాలు మాత్రం నిజంగానే ఉన్నాయి.

ఇది ఇప్పటి నిర్మాతల అలవాటు మాత్రమే అనుకోనక్కరలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర జరిగిన పోరు మీద తీసి, 1916 ఆగస్టులో బ్రిటన్‌లో విడుదలై కోట్లమంది చూసిన చిత్రంలో, సైనికులు కందకం గట్టెక్కి శత్రువు మీదికి వెళ్ళే ప్రసిద్ధ దృశ్యం, యుద్ధరంగానికి వెనుక ఉన్న శిక్షణ స్థలంలో తీసినదని చరిత్రకారులు తేల్చారు. అయినా ఈనాటికీ ఆ ముక్కను అసలు యుద్ధంగానే ఎందరో వాడుకుంటున్నారు. అలాగే రెండవ ప్రపంచ యుద్ధపు పోరాట దృశ్యాలలో చాలావరకు శబ్దం లేకుండా తీసినవే. మనకు వినిపించే ఫిరంగి మోత తరువాత స్టూడియోలో చేర్చినది. వీటిని మోసం అనలేము గానీ, చూసేవారికి ఆ ఎరుక ఉండాలి.

ఆనాటి పత్రికతో సరిచూడండి

తెలుగువారికి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైంది. అంటే ఎమ్డెన్ వచ్చిన రాత్రికి ఆ పత్రిక వయసు ఆరు నెలలు కూడా నిండలేదు, పైగా ఆఫీసు అదే ఊళ్ళో ఉంది. పాత ఆంధ్రపత్రిక సంచికలు చాలావరకు డిజిటల్ రూపంలోకి వచ్చాయి. ఎగ్మూరులోని కన్నెమెరా గ్రంథాలయంలో, పాత ప్రభుత్వ పత్రాలను భద్రపరిచే తమిళనాడు స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆనాటి పత్రికలు, ప్రభుత్వ కాగితాలు చదువుకోవచ్చు. అక్కడికి వెళ్ళేముందు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. సెప్టెంబరు 23 నుంచి ఒక వారం రోజుల సంచికలు చాలు. యుద్ధకాలంలో వార్తల మీద ప్రభుత్వ నిఘా ఉంటుంది కనుక, పత్రిక చెప్పినదాన్నే కాక అది ఏ విషయం మీద మౌనంగా ఉందో కూడా గమనించాలి.

ఆపైన నడవండి

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, హైకోర్టు మెట్రో స్టేషనులో దిగండి. హైకోర్టు ప్రాంగణపు తూర్పు ప్రహరీ దగ్గర, రాజాజీ సాలై వైపు, ఎమ్డెన్ గుండ్లు పడిన చోటును తెలిపే ఫలకం ఉంది. అది చిన్నది. వెతుక్కుంటూ వెళ్ళేవారికి తప్ప మామూలుగా కంటబడదు. అక్కడ నిలబడి సముద్రం ఏ దిక్కున ఉందో, ఎంత దూరంలో ఉందో చూడండి. ఇప్పుడు రేవు కట్టడాలు అడ్డం కాబట్టి అలలు కనబడవు. కానీ ఈ వీధిని ఒకప్పుడు ఫస్ట్ లైన్ బీచ్ అని పిలిచేవారని గుర్తుచేసుకుంటే, నౌక ఎక్కడ ఆగి ఉంటుందో ఊహకు అందుతుంది.

ఇక తల పైకెత్తి హైకోర్టు ఎత్తయిన గోపురాన్ని చూడండి. 1894 నుంచి 1977 వరకు ఓడలకు దారి చూపే మద్రాసు దీపస్తంభం (లైట్‌హౌస్) దాని మీదనే ఉండేది. ముల్లర్ వచ్చిన రాత్రి పట్నంలో దీపాలు ఆర్పలేదు, ఈ దీపమూ వెలుగుతూనే ఉంది. చీకట్లో వచ్చే శత్రువుకు దారి తెలియడానికి ఇంకేం కావాలి? ఏ డాక్యుమెంటరీలోనైనా ఒక్క వాక్యంలో దాటిపోయే ఈ సంగతి, ఆ గోపురం కింద నిలబడినప్పుడు ఎంత పెద్దదో అర్థమవుతుంది. అదే ప్రాంగణంలో 1844 నాటి పాత దీపస్తంభం కూడా రాతి స్తంభంగా నిలిచి ఉంది. అయితే కోర్టు ఆవరణలోకి భద్రతా సిబ్బంది అనుమతి లేకుండా వెళ్ళకూడదు.

అక్కడి నుంచి దక్షిణానికి నడిస్తే సెయింట్ జార్జ్ కోట వస్తుంది. ఇందులో సచివాలయం, శాసనసభ ఉన్నాయి కాబట్టి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. కోట మ్యూజియం పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. ఈ భవనం పైకప్పు మీదనే 1796లో మద్రాసు మొదటి దీపస్తంభం వెలిగింది. లోపల బ్రిటిష్ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ విగ్రహం ముందు కాసేపు ఆగి, పీఠం మీది శిల్పాన్ని దగ్గరగా చూడండి. 1792లో టిప్పు సుల్తాను కొడుకులను తాకట్టుగా అప్పగించిన ఘట్టం అది. గెలిచినవాడు తన గెలుపును ఎలా చూపించుకుంటాడో తెలుసుకోవడానికి, గదినిండా ఉన్న కత్తులు తుపాకుల కంటే ఆ ఒక్క రాయి ఎక్కువ ఉపయోగపడుతుంది. పక్కనే ఉన్న సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. దాని ఆవరణలో పరిచిన సమాధి రాళ్ళు మొదట కోట బయటి శ్మశానంలో ఉండేవి. 1758-59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినప్పుడు ఆ సమాధులు వారికి చాటుగా పనికివచ్చాయని, ముట్టడి ముగిశాక వాటిని తీసి ఇక్కడికి చేర్చారు.

ఓపిక మిగిలితే నేపియర్ వంతెన వైపు ఉన్న విజయ యుద్ధ స్మారకం కూడా చూడవచ్చు. లేకపోతే దాన్ని మరో రోజుకు వాయిదా వేయండి, తొందరపడి చూసినందువల్ల లాభం లేదు.

శ్మశానవాటికకు విడిగా ఒక రోజు కేటాయించండి

నందంబాక్కంలో, మౌంట్-పూనమల్లి రోడ్డు మీద ఉన్న మద్రాస్ వార్ సెమెటరీని 1952లో ఏర్పాటు చేశారు. దక్షిణ, తూర్పు భారతంలోని అనేక శ్మశానాలలో చెదిరి ఉన్న రెండవ ప్రపంచ యుద్ధపు సమాధులను ఇక్కడికి చేర్చారు. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దీన్ని చూసుకుంటుంది. 850కి పైగా సమాధులున్నాయి. అధికారి అయినా సిపాయి అయినా ఫలకం తీరు ఒక్కటే. ప్రతి రాయి మీదా నంబరు, హోదా, పేరు, దళం చిహ్నం, చనిపోయిన తేదీ ఉంటాయి. కొన్నింటి మీద అడుగున కుటుంబం కోరి రాయించిన ఒక వాక్యం కూడా ఉంటుంది. అన్నీ చదవాలని చూడకండి. ఒక వరుసను ఎంచుకుని, తేదీలను మాత్రం నోటుపుస్తకంలో దింపుకోండి. ఒకే తేదీ పదేపదే కనిపిస్తే ఆ రోజున ఏదో జరిగిందన్నమాట. ఇంటికి వచ్చాక కమిషన్ వెబ్‌సైటులో ఆ పేర్లను ఉచితంగా వెతకవచ్చు.

మన సిపాయిల పేర్ల కోసం వెతికేవారు ఒక విషయం తెలుసుకుని వెళ్ళాలి. దహనం చేసినవారికి సమాధి ఉండదు, పేరు ఏదైనా స్మారకం మీద ఉండాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో (నేటి ఇరాక్) చనిపోయినవారి కోసం కట్టిన బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కారు గానీ, సాధారణ సిపాయిలను దళాలవారీగా సంఖ్యలతో సరిపెట్టారు. ఇటువంటి అసమానత జరిగిందని కమిషన్ 2021 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదికలో ఒప్పుకుని క్షమాపణ కోరింది. డాక్యుమెంటరీలలో మనవారు ఎందుకు అంత అరుదుగా కనిపిస్తారన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఇక్కడే ఉంది.

ఇంట్లో పెద్దవారిని అడగండి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే జపాన్ సైన్యం దిగుతుందన్న భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. బోనులు పగిలితే ప్రమాదమని జంతు ప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. 1943 అక్టోబరులో ఒక జపాన్ విమానం వచ్చి మద్రాసు మీద కూడా బాంబులు వేసింది. ఇవి చూసిన పిల్లలకు ఇప్పుడు తొంభై దాటి ఉంటుంది, కాబట్టి ఈ పనిని వాయిదా వేయవద్దు. “అమ్మమ్మా, యుద్ధం గురించి చెప్పండి” అని అడిగితే మాట సాగదు. “అమ్మమ్మా, అప్పుడు మీరు ఏ ఊరు వెళ్ళారు, రైలులోనా బండిలోనా, ఇంటికి తాళం వేసి తాళంచెవి ఎవరికి ఇచ్చారు?” అని అడగండి. ఫోనులో రికార్డు చేసేముందు వారి అనుమతి తీసుకోండి. వారు చెప్పిన తేదీ పుస్తకంతో సరిపోకపోతే అక్కడికక్కడ దిద్దకుండా, విన్నది విన్నట్టు రాసుకుని, పక్కన మీకు దొరికిన తేదీని వేరే రంగు సిరాతో రాసుకుంటే సరిపోతుంది.

సంక్రాంతికో వేసవి సెలవులకో విశాఖ వైపు వెళ్ళేవారు ఈ అన్వేషణను అక్కడికి కూడా పొడిగించవచ్చు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆ యుద్ధంలో పట్నం మీద పడిన జపాన్ బాంబు ఉంది. అదే రోడ్డులో కురుసురా జలాంతర్గామిని మ్యూజియంగా నిలిపారు. అయితే అది 1971 యుద్ధానికి సంబంధించినది. ఆ యుద్ధాన్ని మొదలుపెట్టేముందు ఎమ్డెన్ పుస్తకంలో ఖాళీగా మిగిలిన పేజీలు పూర్తిచేసి, కొత్త నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని వెళ్ళండి.