లంబసింగి వెళ్ళి బండిలో పడుకునేవాళ్ళు నిప్పులు బయటే వదిలేయండి

2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. కోజికోడ్ ఎన్‌ఐటీ నిపుణులు వెళ్ళి అదే బండిలో పరీక్ష చేసి, జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడే చంపిందని తేల్చారు. వడకరలో చలి ఉండదు, వాళ్ళకి జనరేటర్ కావలసింది ఏసీ కోసం. మనం వెళ్ళేది పది డిగ్రీల లోపు చలిలోకి. కిటికీలన్నీ బిగించేసి, లోపల ఏదో ఒకటి వెలిగించుకోవాలనే చూస్తాం.

స్వెట్టర్లు, మంకీ క్యాపుల సంగతి నేను చెప్పక్కర్లేదు. డిసెంబరు, జనవరిలో లంబసింగి, వంజంగి వైపు శని, ఆదివారాల్లో రూములు దొరకవు కాబట్టి, టెంపో ట్రావెలర్‌లో పరుపులు వేసుకుని బండిలోనే పడుకునే కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. అందులో తప్పేం లేదు, నేనూ అలాగే వెళ్తాను. కానీ ఈ దారిలో పదే పదే చూసిన తప్పు ఒకటుంది.

రాత్రి చలిమంట వేసుకుంటారు. బొంగులో చికెన్ కాల్చుకుంటారు. పదకొండయ్యేసరికి మంట ఆరిపోయి ఎర్రటి నిప్పులు మిగులుతాయి. వాటిని ఇనుప బాండీలోకి ఎత్తి, పిల్లలకి వెచ్చగా ఉంటుందని బండిలో పెడతారు. రెండేళ్ళ కిందట తెల్లవారుజామున నా పక్క బండి తలుపు తీసి ఒకాయన బయటికొచ్చి తూలుతున్నాడు. లోపల ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారు. “ఘాట్ రోడ్డు పడలేదండీ” అన్నాడు. ఘాట్ ఎక్కి అప్పటికి పది గంటలు దాటింది. సీట్ల మధ్య బాండీ ఉంది, పైన తెల్లటి బూడిద. వేలితో కదిపితే కింద ఇంకా ఎర్రగానే ఉంది. “పొగ లేదు కదా” అన్నాడాయన.

చాలామంది మోసపోయేది ఆ మాట దగ్గరే. పొగ వచ్చే మంటను ఎవరూ బండిలోకి తేరు, కళ్ళు మండుతాయి. పొగ లేని నిప్పునే తెస్తారు. నివురు గప్పిన నిప్పు తెల్లవార్లూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు కూడా రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు వస్తాయి. ఆ మత్తులోనే నిద్ర ముదిరిపోతుంది. నిద్రలో ఉన్నవాడికి మెలకువ రాదు.

కిటికీ రెండు వేళ్ళు తెరిచి పెట్టామంటారు. నిప్పు లోపల ఉండగా ఆ సందును నమ్ముకోవద్దు. పైగా రెండింటికి చలి వేసి ఎవరో ఒకరు అద్దం ఎత్తేస్తారు.

బండిలో అందరికీ ఒకేసారి తలనొప్పి మొదలై, బయటికి రాగానే తగ్గుతుంటే అది ఘాట్ రోడ్డు వల్ల కాదు, తిన్నది పడక కాదు. కారణం వెతుకుతూ కూర్చోకుండా తలుపులన్నీ తీసి, ముందు అందర్నీ బయటికి లాగండి. 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే వేరే బండిలో చింతపల్లికో, పాడేరుకో, నర్సీపట్నానికో ఆస్పత్రికి తీసుకెళ్ళండి. అక్కడ “నిప్పులు పెట్టుకున్నాం” అని మొదటి మాటగా చెప్పాలి. కరోనా నాటి ఆక్సిమీటర్ వేలికి పెట్టి 98 ఉందని ఊరుకోవద్దు. ఈ విషవాయువు అంటుకున్న రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే లెక్కపెడుతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకి చూపించాల్సిందే.

వెచ్చదనం కావాలంటే ముందు కింద వేసుకోండి, చలి ఎక్కువగా ఫ్లోర్‌లోంచి ఎక్కుతుంది. పరుపు కింద మందపాటి ఫోమ్ షీటో, రెండు దుప్పట్లో పరవండి. స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో పెట్టి కాళ్ళ దగ్గర ఉంచితే చాలాసేపు వెచ్చగా ఉంటుంది.

ఇక మిగతావి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని, తల పెట్టుకునే వైపు తగిలించండి. గ్యాస్ లీక్ అలారం వేరు, పొగ అలారం వేరు, అవి దీనికి పనికిరావు.

జనరేటర్ పడుకునే ముందే ఆపేయాలి. ఫోన్ చార్జింగ్‌లో ఉందని కూడా వదలొద్దు.

ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకోవద్దు. బండి వెనక భాగం గట్టుకి ఆనించి పెడితే సైలెన్సర్ పొగ బండి కిందికే వస్తుంది.

గ్యాస్ స్టవ్ వంటకే. చేతులు కాచుకోవడానికి కాదు, సాక్సులు ఆరబెట్టడానికి అసలే కాదు.

చలికి సిలిండర్‌లో ప్రెషర్ తగ్గి మంట చిన్నదవుతుంది. అందుకని సిలిండర్‌ని నిప్పు దగ్గర పెట్టొద్దు. కాసేపు ఆలస్యంగా తాగండి టీ.

పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపండి.

మందు తాగి పడుకోవద్దు. తల తిరుగుతుంటే మందు వల్ల అనుకుంటారు.

బాగా మంచు పట్టిన గంటలో ఘాట్ ఎక్కొద్దు, దిగొద్దు. సూర్యోదయం రేపు కూడా ఉంటుంది.

వాలులో ఆపితే హ్యాండ్‌బ్రేక్‌తో పాటు టైరు కింద రాయి.

చలిమంట మీద నీళ్ళు పోసి, కదిపి, మళ్ళీ నీళ్ళు పోయండి. అడుగున ఎర్రగా ఏమీ మిగలకూడదు. మిగిలితే ఎవరో ఒకరికి బాండీ గుర్తొస్తుంది.

నిప్పులు లోపలికి తేవద్దు. పొగ లేకపోయినా తేవద్దు. పది నిమిషాలకైనా తేవద్దు.

డ్రైవర్ ఎక్కడ పడుకుంటున్నాడో చూడండి. మీకు రగ్గులు సరిపోయాయని అతన్ని ముందు సీట్లో ఇంజన్, హీటర్ వేసుకుని పడుకోనివ్వొద్దు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే అతనికీ ఒక రగ్గు పెట్టుకోండి.